మంచులో పిలిచే పేర్లు

భవానీపురం మార్కెట్లో ఎండు మెత్తళ్ళ వాసన తగిలితే ఇప్పటికీ నా అడుగు ఆగిపోతుంది. కృష్ణ సముద్రంలో కలిసేచోట ఉన్న మా నాయనమ్మ ఊళ్ళో, చలికాలపు పొద్దుల్లో ఇసుక మీద పరిచిన వలలూ, వాటి పక్కనే ఎండే చేపలూ, కట్టెల పొయ్యి మీద కుతకుతలాడే బొమ్మిడాయిల పులుసూ, పీతల కాళ్ళకు దారాలు కట్టి పందేలు పెట్టే మేమూ, అందరం ఆ వాసనలోనే బతికేవాళ్ళం. మంచు దట్టంగా దిగిన రోజు మాత్రం ఆటలుండేవి కావు. వేట నుంచి వచ్చే పడవలకు ఒడ్డు కనబడదని ఆడవాళ్ళు రేవులో నిలబడి మగవాళ్ళను పేరుపేరునా పిలిచేవారు. మొగుడి పేరు నోటితో పలకకూడదు గనుక ఒకరి మొగుణ్ణి ఇంకొకరు పిలిచేవారు.

మా నాన్న పసివాడిగా ఉన్నప్పుడు అలాంటి ఒక మంచురోజున నాయనమ్మ రేవులో ఒంటరిగా ఉండిపోయింది. "మావా, మావా" అని గొంతు పోయేదాకా పిలిచింది. తాతయ్య పడవ ఇక రాలేదు. "ఎవరి పెళ్ళామో పిలుత్తందనుకున్నాడేమో," అనేది అప్పుడప్పుడూ, ఎవరూ అడక్కుండానే.

నాకు పదేళ్ళప్పుడు మా పెదనాన్న కూతురు నాగమణక్క విజయవాడలో మా ఇంట్లో ఉండి ఇంజనీరింగ్ చదివేది. ఒకరోజు తన ఫోన్లో, సమోవా అనే దీవులవాడట, ఒక కుర్రాడి ర్యాప్ వినిపించింది. ఒక వరస ఇంగ్లీషు, ఒక వరస వాళ్ళ దీవి మాట. "వీళ్ళదీ చేపల వేటేనంట. వాళ్ళ భాష దాచుకోలేదు చూడు," అంది. ఆ వారమే నోట్సు వెనక పేజీల్లో తన పాట మొదలుపెట్టింది: ఇంగ్లీషులో కాలేజీ, తెలుగులో రేవు, మధ్యలో మంచులో పిలిచే ఆ పేర్లు.

బెంజ్ సర్కిల్ దగ్గర రికార్డింగు గది నడిపే ఆయన విని, "ఏదో ఒక భాషలో పాడమ్మా," అన్నాడు.

"మా ఇంట్లో రెండూ మాట్లాడతామండీ," అంది అక్క.

ఆ పాటలో తాతయ్య పేరు పెట్టడానికి మాత్రం నాయనమ్మ ఒప్పుకోలేదు. "నేను పిలవని పేరు నువ్వెట్టా పిలుత్తావే?" అంది. అక్క వాదించలేదు. ఆ పేరు రావలసినచోట దరువు ఆపేసి, ఒక్క ఊపిరి పట్టేంత ఖాళీ వదిలింది. పాట ఫోన్లలో పాకింది. ఏలూరు, గుంటూరు, ఆ తర్వాత హైదరాబాదు కాలేజీలు పిలిచాయి.

విజయవాడలో ఒక కాలేజీ మైదానంలో సాయంత్రం ప్రదర్శనకు నాయనమ్మను తీసుకెళ్ళాం. ముతక చీర చెంగు నిండుగా కప్పుకుని, నా చెయ్యి పట్టుకుని నిలబడింది. అక్క ఒక్కో పేరూ పిలుస్తుంటే వందలమంది పిల్లలు తిరిగి పిలిచారు. ఖాళీ వచ్చింది. మైదానమంతా నిశ్శబ్దం. నా పక్కన నాయనమ్మ వేదిక వైపు కాకుండా, ఆ వెలుతురుకు అవతల ఉన్న చీకట్లోకి చూస్తూ, "వీరాస్వామీ," అని పిలిచింది. జవాబు కోసం చెవి ఒగ్గింది. అంతలో దరువు మొదలైంది.

"ఎవరితో చెప్పమాకే," అంది నా చెయ్యి నొక్కి.

ఆ ఏడు వానాకాలంలోనే ఆవిడ పోయింది.

ఇప్పుడు పడవల్లో ఫోన్లూ, దారి చూపే పరికరాలూ ఉన్నాయి. రేవులో నిలబడి పిలిచేవాళ్ళు లేరు. అక్క హైదరాబాదులో ఉంటూ రెండు భాషల్లోనూ పాడుతూనే ఉంది. మొన్న ఫోన్లో, ఇన్నేళ్ళూ దాచిన మాట తనకు చెప్పేశాను.

"ఎట్టా పిలిచిందే? ఒక్కసారి అట్టాగే అను," అంది అక్క.

అనబోయాను. పేరు నోటిదాకా వచ్చింది. నాయనమ్మ గొంతు మాత్రం ఎంత వెతికినా నాకు గుర్తు రాలేదు.