ఓబులేసు మామ తీసిన పెన్న రేవు ఫోటో

నిన్న పొద్దున అత్త ఫోన్ చేసి "మీ మామ పోయినాడప్పా" అంది.

ల్యాబ్‌లో ప్రింట్లు తీస్తున్నాను. మిషన్ ఆపడం కూడా మర్చిపోయి, ప్రొద్దుటూరు బస్టాండులో కనిపించిన జమ్మలమడుగు బస్సెక్కేశాను.

ఓబులేసు మామ మా అమ్మ తమ్ముడు. జమ్మలమడుగులో స్టూడియో. పెళ్లిళ్లు తీసి బతికాడు గానీ ప్రాణమంతా పెన్న ఒడ్డునున్న పాత ఊరి మీదే.

ఎండాకాలం పెన్న ఎండితే చాలు, ఇసుకలోకి దిగి ఊరిని తీసేవాడు. రాతి రేవు, మెట్లు, మిద్దెలు. ఏ మిద్దె కూలిందో, ఎవరు యాడ గోడ కట్టారో అన్నీ ఆ ఫోటోల్లో ఉన్నాయి.

ఇప్పుడు అసలు సంగతి. కడుపు మండి రాస్తున్నాను.

రేవు మెట్లున్న చోట ఇప్పుడో ఫంక్షన్ హాల్ ఉంది. ఎవరిదో మా ఊరోళ్లకు చెప్పక్కర్లేదు.

"ఈడ మెట్లు యాడుండాయి? ఇది మా తాతల భూమి" అన్నాడు ఆ పెద్దమనిషి. మామ పాత ఫోటోలు పట్టుకుని ఎమ్మార్వో ఆఫీసుకు పోతే, అక్కడ అందరి ముందు "కంప్యూటర్లో చేసుకొచ్చినాడు దొంగ నాయాలు" అన్నాడు.

ఆ తర్వాత మామ కెమెరా ముట్టలేదు.

ఆ పెద్దమనిషి మర్చిపోయింది ఒకటుంది. వాళ్ల నాయన కర్మ చేసింది ఆ మెట్ల మీదే. ఫోటోలకు పిలిచింది మామనే.

"మా వాళ్లంతా పడాలప్పా, ఇంగా ఎనక్కి పో" అని మామను మోకాటి లోతు నీళ్లలోకి దించాడు. పై మెట్టు నుంచి కింది మెట్టు దాకా బంధువులను నిలబెట్టి, తాను గుండుతో, పిండం పట్టుకుని కూర్చున్నాడు.

రీలు కెమెరా రోజులవి. ఆ నెగటివ్ నా దగ్గరుంది.

అది చూపిద్దామని ఎన్నిసార్లు పోరాడానో. మామ ఒప్పుకోలేదు. "కర్మ ఫోటో బజారుకీడ్చకూడదురా. నేనుండంగా అది బయటికి తీయద్దు" అన్నాడు.

నిన్న ఆ మనిషి గజమాల తెచ్చి మామ మీద వేశాడు. పక్కన నిలబడి ఫోటో కూడా దిగాడు. తర్వాత అత్త దగ్గరికి వంగి, "పాత నెగటివ్‌లుంటే మావోళ్లకియ్యమ్మా, ఈడ పాడైపోతాయి" అన్నాడు.

అత్త కళ్లు తుడుచుకుని, "మా అల్లుని దగ్గర భద్రంగా ఉండాయిలేప్పా" అంది.

మామకు పిండం పెట్టడానికి ఇప్పుడు మెట్లు లేవు. ఆ హాలు గోడ వెనక, కంపచెట్ల మధ్య పెట్టుకోవాలి మేము.

పెట్టుకుంటాం. అదే రోజు హాలు గేటుకు ఎదురుగా ఫ్లెక్సీ కడతాను. ఆయన గుండు, ఆయన చేతిలో పిండం, ఆయన కూర్చున్న మెట్టు. కింద పెద్ద అక్షరాలతో మామ పేరు. నెగటివ్ పట్టుకుని అదే ఆఫీసుకూ పోతాను. ఫ్లెక్సీ చించితే ఇంకోటి కడతాను.

మామకు మర్యాద ఉండింది. నాకు లేదు.

పోయిరా మామా. నువ్వు శాంతిగా ఉండాల. ఆయప్పకు మాత్రం అది దొరకనీయను.