అత్తమ్మ మిషన్‌లో అరిగిన రబ్బరు

ఎల్లారెడ్డిలో మా ఇంట్లో టీవీ మా ఆయనది, మిక్సీ నాది, ఫ్రిజ్ అందరిది. వాషింగ్ మిషన్ మాత్రం అత్తమ్మది. పై మూత ఎత్తి బట్టలు వేసే పాతకాలపు రకం. ఒకప్పుడు తెల్లగా ఉండేదట. నేను కోడలిగా వచ్చేసరికే నెయ్యి రంగుకు తిరిగింది. పెరటి వాకిలి పక్కన, బట్టలుతికే గచ్చు మీద, గోడకు వీపు ఆనించి దర్జాగా నిలబడి ఉంటుంది.

దాని ముఖాన గుండ్రటి మీట ఒకటి ఉంది. తిప్పితే టక్కుమంటుంది. ఒక టక్కుకు రోజువారీ బట్టలు, ఇంకో టక్కుకు దుప్పట్లు, ఆ పైదానికి చీరలు. మీట చుట్టూ ఉన్న అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయాయి. అందుకే నేను, మా ఆయన ఆ మిషన్ జోలికి పోము. అత్తమ్మకు ఆ అక్షరాలతో పని లేదు. షుగర్ వల్ల ఆమె చూపు బాగా మందగించింది. వెలుతురు తెలుస్తుంది, ఎదురుగా మనిషి నిలబడితే తెలుస్తుంది, ఆ మనిషి ముఖం మాత్రం తెలియదు. బట్టను రెండు వేళ్ల మధ్య నలిపి అది ఎవరిదో చెబుతుంది. జేబులన్నీ తడిమి, బస్సు టికెట్ దొరికినా సరే నన్ను పిలిచి నాలుగు మాటలు అంటుంది. నేను రోజూ కామారెడ్డి ఆఫీసుకు బస్సులో పోయి వస్తాను కాబట్టి ఆ నాలుగు మాటలు నాకు రోజూ ఖాయం.

ఆమెకు మిగిలిన పని అదొక్కటే. మిగతావన్నీ ఒక్కొక్కటిగా పోయాయి. కూరగాయలు తరుగుతూ వేలు కోసుకున్నాక కత్తిపీట నేను తీసుకున్నాను. ఇంకోసారి పాలు పొంగి స్టవ్ ఆరిపోయి ఇల్లంతా గ్యాస్ వాసన. మేము ఒక్క మాట అనకముందే, ఆమే వంటింట్లోంచి బయటికి వచ్చేసింది. మళ్లీ స్టవ్ ముట్టలేదు. ఎంత బతిమాలినా ముట్టలేదు. అదీ ఆమె తీరు. తన వల్ల ఏదైనా చెడిందని తెలిస్తే ఆ వస్తువుకు దండం పెట్టి తప్పుకుంటుంది.

దసరా, దీపావళి రెండూ అయిపోయిన రోజుల్లో ఒక సాయంత్రం నేను బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి, ఆమె మిషన్ పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని దాని పొట్ట మీద చెయ్యి వేసి ఉంది.

"బిడ్డా, ఇది పొద్దుగాల్నుంచి నీళ్లు తాగుతనే ఉన్నది. తిరుగుతలేదు" అంది.

మా ఆయనకు ఎల్లారెడ్డిలో ఎరువుల దుకాణం ఉంది. ఏ సమస్యకైనా ఆయన దగ్గర ఒకటే మందు, కొత్తది కొనడం. "పాతదైంది అవ్వా, ఇడిసెయ్. కొత్తది తెచ్చుకుందాం" అన్నాడు తల్లితో. అయినా నా పోరు పడలేక ఒక మెకానిక్‌ను పిలిచాడు. ఆ మెకానిక్ మూత ఎత్తి చూశాడు, మూత దించాడు, పక్కన వేలి మెటికలతో రెండుసార్లు కొట్టాడు. మా వీధిలో పుచ్చకాయలు అమ్మే ఆయన కూడా అంతకంటే ఎక్కువసేపు పరీక్ష చేస్తాడు.

"బోర్డు పోయిందక్కా. దీనికి ఇప్పుడు బోర్డు యాడ దొరుకుతది? ఎక్స్చేంజ్‌ల ఇచ్చేయున్రి" అని చెప్పి బండెక్కాడు.

నిజం చెప్పాలంటే, అప్పుడు నాకూ కొత్త మిషన్ మీద మనసు పోయింది. ఆదివారం ముగ్గురమూ కామారెడ్డి వెళ్లాము. దుకాణంలో మిషన్లు వరుసగా తళతళలాడుతున్నాయి. అమ్మే పిల్లవాడు మర్యాదస్తుడు. అత్తమ్మ చెయ్యి పట్టుకుని ఒక నల్లటి మిషన్ ముందు నిలబెట్టాడు.

"ఇది టచ్ అమ్మా. తిప్పేది లేదు, నొక్కేది లేదు. ఊకె గట్ల వేలు పెడితే చాలు."

"యాడ పెట్టాలె బిడ్డా?"

"ఆ బొమ్మ మీద."

"ఏ బొమ్మ?"

పిల్లవాడు నా ముఖం చూశాడు. అత్తమ్మ అరచెయ్యి ఆ అద్దం మీద ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పోయింది. ఎక్కడా ఎత్తు లేదు, పల్లం లేదు, టక్కు లేదు. మిషన్ ఒక్కసారిగా కీచుకీచుమని అరిచింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని కొంగుతో తుడుచుకుంది.

"మంచిగున్నది. కోడలు నేర్చుకుంటది తియ్యి" అంది.

తిరుగు బస్సు లింగంపేట దాటింది. అత్తమ్మ కిటికీ వైపు ముఖం పెట్టి, "ఇగ బట్టల పని గూడ లేనట్టే" అంది. ఎవరినీ ఏమీ అనలేదు. ఎండ బాగుందన్నట్టుగానే అంది.

నాకు ఏడుపొచ్చింది. నాకు ఏడుపు వస్తే అది గొంతు దాటేలోపు కోపమైపోతుంది. ఇంటికి వచ్చాక మా ఆయనతో, ఆ నల్ల మిషన్ కొనేదుంటే దుకాణంలో పెట్టుకుని యూరియా బస్తాలు ఉతుక్కోమని చెప్పాను. "నేనేమన్న?" అన్నాడు పాపం. నిజమే, ఆయన ఏమీ అనలేదు. కానీ ఆ సమయానికి దగ్గరలో ఉన్నది ఆయనే.

మర్నాడు ఆఫీసు అయ్యాక కామారెడ్డిలోనే విడిభాగాలు అమ్మే దుకాణానికి వెళ్లాను. కౌంటర్ వెనక పెద్దాయన కళ్లజోడు పైకి నెట్టి అడిగాడు.

"మోడల్ నంబర్ చెప్పున్రి మేడం."

"నంబర్ తెలియదు. తెల్లగా ఉంటుంది, మూత పైకి లేస్తుంది."

"తెల్లగ లేనిది ఏది, మూత లేవనిది ఏది మేడం? మిషన్ ఎనుక ఒక కాయితం అతికిచ్చి ఉంటది. దాని మీద ఉంటది నంబర్. ఆ నంబర్ తెండ్రి."

ఇంటికి వచ్చి మిషన్‌ను గోడ దగ్గర నుంచి లాగాము. వెనక నుంచి నా జడ క్లిప్పు, మా ఆయన ఒంటి సాక్సు, మేము ఎవరెవరినో అనుమానించిన గరిటె ఒకటి బయటపడ్డాయి. కాయితం కూడా ఉంది. దాని మీద నంబర్ లేదు. మందంగా పసుపు ఉంది, పసుపు మీద కుంకుమ ఉంది, కుంకుమ మీద మళ్లీ పసుపు ఉంది. ఏటా దసరాకు ఇంట్లోని పనిముట్లన్నింటికీ అత్తమ్మ పూజ చేస్తుంది. కొడవలి, కత్తిపీట, మా ఆయన బండి, నా మిక్సీ, ఈ మిషన్.

"అక్కడ ఎందుకు పెట్టినవ్ అవ్వా? ముందట పెట్టక?" అన్నాడు మా ఆయన.

"ముందట నున్నగున్నది, బొట్టు నిలువది. ఎనుక కాయితం మీదనైతే మంచిగ అంటుతది" అంది అత్తమ్మ. నేను కాదనలేకపోయాను. మంచిగానే అంటింది.

తడి గుడ్డతో మెల్లగా తుడిచాను. పసుపు పోయింది, కుంకుమ పోయింది, వాటితో పాటు నంబరూ గుడ్డకు వచ్చేసింది. మిగిలినదాన్ని ఫోటో తీసి దుకాణం పెద్దాయనకు పంపాను. కాసేపటికి జవాబు వచ్చింది. "ఇది ఏ దేవుని ఫోటో మేడం?"

నేను పళ్లు నూరుకుంటుంటే అత్తమ్మ నవ్వింది. బస్సులో ఆ మాట అన్న తరువాత ఆమె నవ్వడం అదే మొదలు. నవ్వి, "ఒకపారి మిషన్ ఎయ్యి, సప్పుడు ఇంట" అంది. నేను మీట తిప్పాను. నీళ్లు పడటం మొదలైంది. ఆమె స్టూలు మీంచి లేచి, మురికినీళ్లు బయటికి వదిలే పైపు దగ్గరికి తడుముకుంటూ పోయి, దాని మూతి కింద చెయ్యి పెట్టింది.

"సూడు. మీద పోస్తుంటే కింద పోతున్నది. నిండితే ఠక్కుమని ఆగి తిరుగుతది. నిండనిస్తలేదు గద, ఇంకేం తిరుగుతది? బోర్డు గీర్డు కాదు. అడుగున ఏదో మూత పడ్తలేదు."

ఇది వెంటనే పెద్దాయనకు ఫోన్‌లో చెప్పాను. ఆయన, "అట్లనా? అయితే డ్రెయిన్ వాల్వు రబ్బరు. నంబర్ లేకుంటే రబ్బరే ఇప్పుకొని తెండ్రి, దాన్ని చూసి ఇస్త" అన్నాడు. మునుపే ఈ మాట చెప్పి ఉంటే ఆ కాయితం మీది దేవుడు చెక్కుచెదరకుండా ఉండేవాడు.

తరువాతి ఆదివారం ప్లగ్గు పీకి, మిషన్ వెనక రేకు విప్పాము. మా ఆయన నేల మీద పడుకున్నాడు, నేను ఫోన్ లైటు పట్టుకున్నాను. అత్తమ్మ మిషన్‌కు అవతలి వైపు స్టూలు వేసుకుని దోసిలి చాపి కూర్చుంది. "స్క్రూలు నా చేతుల పెట్టున్రి. కింద పెడితే కండ్లున్నోళ్లకు దొరకయి" అంది.

వాల్వు మూత తిప్పగానే లోపల నిలిచిన నీళ్లన్నీ మా ఆయన చొక్కా మీద పడ్డాయి. ఆయన ఏదో అన్నాడు, అది ఇక్కడ రాయను. రబ్బరు బయటికి వచ్చింది. గిన్నె మూతలా గుండ్రంగా, మెత్తగా, ఒక్క గీత లేకుండా ఉంది. దాని అంచు కింద మాత్రం ఒక నల్లటి ముద్ద ఇరుక్కుని ఉంది. లైటు దగ్గర పెట్టి చూశాము. సన్నటి పుల్ల, దానికి చిన్న ముల్లు, ముల్లుకు చుట్టుకున్న దారాలు, వెంట్రుకలు, ఇంకా రాలని చిట్టి ఆకులు.

జమ్మి.

ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. దసరా సాయంత్రం బంగారమని పంచుకునే జమ్మి ఆకు చేతికి రాగానే అత్తమ్మ దాన్ని వాడవాళ్లందరికీ పంచుతుంది. మిగిలినదాన్ని బియ్యం డబ్బాలో కొంత, బీరువాలో కొంత, పరుపు కింద కొంత పెడుతుంది. చివరికి మిషన్ మూత ఎత్తి, "సల్లగుండు" అని ఒక రెమ్మ అందులో వేస్తుంది. ఏటా వేస్తుంది. మేము ఏటా చూసి నవ్వుకుంటాము. బస్సు టికెట్ లోపలికి పోతే ఊరుకోని మనిషి, ముళ్ల రెమ్మను తన చేతులతో వేస్తుంటే, అది లోపల ఇరుక్కుంటుందని మాలో ఒక్కరికీ తట్టలేదు. పండుగ కదా, పండుగ పూట అట్లాంటివి ఎవరికి తడతాయి?

"అవ్వా, ఇది…" అని మొదలుపెట్టాడు మా ఆయన. నేను ఆయన పాదం తొక్కాను. మెల్లగా తొక్కలేదు.

స్టవ్ గుర్తొచ్చింది నాకు. ఈ ముద్ద ఆమె చేతిలో పెడితే చాలు. మీట మీంచి చెయ్యి తీసేసి, స్టూలు తీసుకుని లోపలికి పోతుంది. ఇక మిషన్ బాగైనా ఒకటే, కాకున్నా ఒకటే.

"ఏందిరా అది?" అంది అవతలి నుంచి.

"రబ్బరు అత్తమ్మా. అరిగిపోయింది. రేపు కామారెడ్డి నుంచి కొత్తది తెస్తాను" అన్నాను నేనే.

అబద్ధం ఆడటం సులువే, దాన్ని మోయడమే కష్టం. ఆ ముద్దను కాయితంలో చుట్టి బయట పడేశాను. మర్నాడు నిక్షేపంగా ఉన్న రబ్బరును శుభ్రంగా కడిగి, టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని బస్సెక్కాను. అది కామారెడ్డి చూసింది, మా ఆఫీసు చూసింది. మాటిచ్చాను కదా అని విడిభాగాల దుకాణానికి కూడా తీసుకెళ్లాను. పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఇది మంచిగనే ఉన్నది కద మేడం."

"తెలుసు."

"మరి ఎందుకు తెచ్చిన్రు?"

"మా అత్తమ్మ కోసం" అన్నాను. ఆయన రబ్బరును ఒక కొత్త కవర్‌లో పెట్టి ఇచ్చాడు. ఆ కవర్ ఇచ్చిన బుద్ధికి నేను ఇప్పటికీ ఆయనకు రుణపడి ఉన్నాను.

ఇంట్లో అత్తమ్మ ఆ కవర్ అందుకుని, రబ్బరు బయటికి తీసి, రెండు చేతుల మధ్య పెట్టి అంచు చుట్టూ వేలు తిప్పింది. ఎక్కువసేపే తిప్పింది.

"కొత్తదేనా?"

"కొత్తదే."

"మంచిగున్నది" అని తిరిగి ఇచ్చింది.

రబ్బరు పెట్టి, రేకు బిగించాము. స్క్రూలు ఆమె కొంగు ముడిలోంచి ఒక్కొక్కటిగా వచ్చాయి. ఒక్కటీ తప్పిపోలేదు. మీట ఆమే తిప్పింది. నీళ్లు పడ్డాయి, పైపు మూతి పొడిగా ఉండిపోయింది, నీళ్లు నిండాయి. ఠక్. తిరగడం మొదలైంది. అత్తమ్మ స్టూలు దగ్గరికి లాక్కుని, తాను రోజూ కూర్చునే చోట కూర్చుంది.

మళ్లీ దసరా వచ్చింది. బొట్టు కోసమని మిషన్ వెనక నేనే ఒక కొత్త తెల్లకాయితం అతికించాను. అక్కడివరకు ఇబ్బంది లేదు. జమ్మి సంగతే నన్ను తినేసింది. ఏమని ఆపాలి? మిషన్లలో పచ్చి ఆకులు వేయకూడదని టీవీలో చెప్పారందామా? మూత పట్టేసిందందామా? ఇలాంటివి నాలుగైదు తయారు చేసుకుని వంటింటి గుమ్మంలో కాచుకుని ఉన్నాను.

ఆమె బియ్యం డబ్బాలో వేసింది. బీరువాలో పెట్టింది. పరుపు ఎత్తి కింద పెట్టింది. చివరికి గోడ పట్టుకుని మిషన్ దగ్గరికి వచ్చింది, గుప్పిట్లో ఒక రెమ్మతో. మూత ఎత్తింది. నేను గుమ్మం దాటి ఒక అడుగు వేశాను. ఆమె "సల్లగుండు" అని లోపలికి చెప్పి, మూత దించేసింది. జమ్మి ఇంకా గుప్పిట్లోనే ఉంది. నేను నిలబడ్డ వైపు చెయ్యి చాపింది.

"ఇది నీళ్ల నల్లాకు కట్టు బిడ్డా, దారంతోని. లోపటేస్తే మల్ల రబ్బరు అరుగుతది."