మొనలు లేని నక్షత్రం

ఆ రోజుల్లో మా ఇంట్లో క్రిస్మస్ సెలవులు నాన్న సణుగుడుతో మొదలయ్యేవి. పర్చూరు దగ్గర ఒక ఊళ్లో ఆయన బడిపంతులు. బడి మూసిన మర్నాడే, "ఎవరు పెట్టమన్నారీ సెలవులు? బడే నయం, కూర్చోవడానికి కుర్చీ అయినా ఉంటుంది" అనేవాడు. గోడలకు సున్నం వేస్తే కళ్లు మండుతున్నాయనేవాడు, పిండి దంచితే చెవులు పోతున్నాయనేవాడు, చుట్టాలొస్తే తన మంచం పోయిందనేవాడు (మంచం నిజంగానే పోయేది). వెదురుబద్దలు చీల్చి, రంగుకాగితం అంటించి నక్షత్రం కట్టేది మాత్రం ఆయనే. ఇంకొకర్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు, ఎవరూ సాయం రారని తిట్టడం మానేవాడూ కాదు. ఒక ఏడు జిగురు సరిగా పట్టలేదు. "వచ్చే ఏడు నక్షత్రమూ లేదు, అరిసెలూ లేవు. నేనూ సెలవు తీసుకుంటా" అని చర్చి వాకిట్లో అందరూ వింటుండగా చెప్పేశాడు.

గుంటూరులో చదువుకునే రోజులనుంచీ రంగుకాగితాలు తెచ్చేది నేనే. ఆ మరుసటి ఏడు, టీచరుగా ఉద్యోగంలో చేరిన కొత్తలో, తేలేదు. కోపంతో కాదు. కోరుకున్నది దొరికితే మనిషి ఏం చేస్తాడో చూడాలనిపించింది (అప్పట్లో పుస్తకాలు మరీ ఎక్కువ చదివేదాన్ని). అమ్మ కూడా, "సరే, ఆయన ఇష్టం" అంది. నాన్న మొదట హాయిగా పడుకున్నాడు. తర్వాత మంచం అటూ ఇటూ మార్చి వేసుకున్నాడు. ఆఖరికి పక్కింటి వాకిట్లో నిలబడి, వాళ్లు కడుతున్న నక్షత్రానికి వంకలు పెట్టసాగాడు. "అన్నయ్యా, నువ్వు సెలవులో ఉన్నావంటగా, వెళ్లి పడుకో" అని పక్కింటి బాబాయి పంపించేశాడు.

పండగ ముందు రోజు సందెవేళ పాటల జట్టు వచ్చింది. మా పేటలో ఒక ఆనవాయితీ ఉంది. నక్షత్రం ఉన్న ఇంటి ముందే జట్టు ఆగి పాడుతుంది, టీ తాగి కదులుతుంది. పొద్దంతా పత్తి తీసి వచ్చినవాళ్లు డప్పు కొట్టుకుంటూ మా ఇల్లు దాటిపోయారు. అలా దాటిపోవడం నేను పుట్టాక అదే మొదలు. నాన్న అరుగు మీంచి లేచాడు.

"ఒరేయ్! కళ్లు కనపడట్లా? ఎక్కడికిరా పోతున్నారు?"

"మీరు సెలవంట కదా మాస్టారూ!" అన్నాడు డప్పు కొట్టే అతను, నాన్న పాత శిష్యుడే.

నేను నాన్న ముఖమే చూస్తున్నాను. మాట నిలబెట్టుకుంటే పాట పోతుంది, పాట కావాలంటే మాట పోతుంది. ఆయన గబగబా లోపలికెళ్లి లాంతరు వెలిగించి, మునక్కాయలు కోసే దోటికి కట్టి, వాకిట్లో ఎత్తి పట్టుకున్నాడు.

"ఇదిగో నక్షత్రం. పాడండి."

"మొనలేవి మాస్టారూ?"

"పొద్దున్నుంచీ వంగి పత్తి తీశారు, ఇంకా మొనలు లెక్కపెట్టే ఓపికుందట్రా మీకు? పాడండెహె, చేతులు లాగేస్తన్నాయి!"

నవ్వాపుకుని పాడారు. పాట అయ్యేదాకా ఆయన దోటి దించలేదు. వీళ్లకిప్పుడు ఏం పెట్టాలా అని నేను కంగారుపడుతుంటే, అమ్మ అటక మీంచి అరిసెల డబ్బా దింపింది. "మీ నాన్న మాట నమ్మి పొయ్యి ఆర్పుకుంటే ఈ ఇల్లు గడిచేదేనా?" అంది. నాన్న ఒకటి కొరికి, "పాకం ముదిరింది" అన్నాడు. అమ్మ ఇంకొకటి చేతిలో పెట్టింది.

నాన్న పోయాక ఇది మొదటి క్రిస్మస్. నక్షత్రం బజార్లో కొన్నాను, లోపల బల్బుతో సహా. అరవై దాటినదాన్ని, స్టూలెక్కి నిలబడి, వైరు పొట్టిదని, మేకు వదులని, అసలీ సెలవులు ఎవరు పెట్టమన్నారని అంటున్నాను. వంటింట్లోంచి అమ్మ, "ఒక్క క్షణం మీ నాన్నే అనుకున్నానే" అంది.

మళ్లీ సణుగుడు అందుకున్నాను, ఈసారి వంటింట్లోకి ఇంకా బాగా వినపడేలా.