చలేస్తే ఇంటికి రమ్మను

మా మరిది కొరియాలో ఉంటాడు. ప్లాస్టిక్ పందిళ్ల కింద కూరగాయలు పెంచే తోటలో పని. మా అత్తగారు పోయేనాటికి వాడింకా బడికి వెళ్తున్నాడు. మాకు పిల్లలు లేరు, వాణ్ణి మేమే పెంచాం. రంగూన్‌లో పబేడాన్ పేటలో మాది గ్యాస్ పొయ్యిల కొట్టు. వాడు అక్కడే పని నేర్చుకున్నాడు. కొట్టు ఎప్పటికైనా వాడిదేనని ఇంట్లో ఎవరూ పైకి అననక్కర్లేకుండా అనుకుంటూ వచ్చాం. తరవాత సైన్యంలోకి పట్టుకుపోతారన్న భయంతో వాడి ఈడు కుర్రాళ్లంతా ఏదో ఒక దారి వెతుక్కుని ఊరు దాటే కాలం వచ్చింది. వాడూ కొరియా భాష పరీక్ష రాసి వెళ్లిపోయాడు. ఇప్పుడు తిరిగొస్తే మళ్లీ వెళ్లగలడో లేదో ఎవరూ చెప్పలేరు. అందుకని రాడు. అది తెలిసీ మా ఆయన ప్రతి ఆదివారం ఫోను పెట్టేసేముందు రమ్మనేవారు.

ఒక ఆదివారం వాడు నన్ను అడ్డం పెట్టుకుని ఆయన్ని ఒక సంగతి అడిగాడు. ఆయన్ని తిన్నగా అడిగితే తిట్లు పడతాయని భయం.

"ఒదినా, అన్నియ్యని ఒక మాటడుగు. సెలవు రోజున మావోళ్లూ నేనూ మంచు మీద డేరా ఏసుకుని సేపలు పడతన్నాం. లోపల కూకుంటే కాళ్లు బిగిసిపోతన్నాయి. డేరా ఎచ్చగా ఉండాలంటే గేసుది ఏది కొనమంటాడు?"

ఆయన పక్కనే ఉన్నారు. "మంచు మీద డేరా ఏటి? లుంగీ తడిసిపోదేటి?" అన్నారు నాతో.

నేను నవ్వాను గాని ఆయన హాస్యానికి అనలేదు. మా ఇళ్లల్లో మంచు అంటే చలికాలం పొద్దున్నే కొట్టు రేకు మీద చెమ్మగా కనిపించేది. ఎండ రాగానే పోతుంది. బర్మా భాషలోనూ అంతే. తెల్లవారి కమ్మే పొగమంచుకీ, ఎక్కడో దేశాల్లో పడే మంచుకీ 'నిన్' అన్న ఒక్క మాటే. మాకున్న రెండు భాషల్లోనూ ఆ చలికి విడిగా పేరు లేదు.

"మంచు కాదు అన్నియ్యా, ఐసు," అన్నాడు వాడు, ఈసారి తిన్నగా. "సెరువు సెరువంతా గెడ్డకట్టిపోతాది. దాని మీద నడిసెల్తాం. కన్నం ఎట్టి గేలం ఏస్తాం. వేలెడేసి సేపలు పడతాయి."

"వేలెడు సేప కోసం ఐసు మీద కూకుంతావేట్రా? ఇక్కడ బజార్లో సేపలు నేవా?"

"సరదాకి అన్నియ్యా. ఒకరోజైనా తోట మర్సిపోవాల గదా."

ఆయన అప్పుడు ఫోను వైపు చూడకుండా, నాకే చెప్పారు. "సలేస్తే ఇంటికి రమ్మను."

వాడు ఆ మాట దాటేశాడు. తరవాత మామూలుగానే అన్నాడు. "సరేలే. మావోళ్లు ఇప్పుడికి బొగ్గుల కుంపటి ఎట్టుకుంటన్నారు. దాంతోనే గడిపేస్తాం."

"లోపలా?" అన్నారు ఆయన.

"లోపలే. బయటెట్టుకుంటే మనకేటి ఎచ్చన?"

"డేరా మూసేసా?"

అప్పటికి లైను తెగిపోయింది. మా దగ్గర అది రోజూ ఉండేదే. మూసిన చోట బొగ్గులు మండితే ఊపిరాడక నిద్రలోనే పోతారని ఆయనకు తెలుసు. మళ్లీ కలుస్తుందేమోనని ఆయన ఫోను పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. అన్నానికి లేచినప్పుడు నన్ను అడిగారు. "నువ్వు ఇన్ని పుస్తకాలు సదివినావు గదా, ఐసు గెడ్డైపోయిన సెరువు ఎలగుంటాది?"

నేను మంచు గురించి చాలా చదివాను. మంచులో దారి తప్పినవాళ్ల గురించీ, మంచు కింద పూడిపోయినవాళ్ల గురించీ చదివాను. తెల్లగా ఉంటుందన్నాను.

"తెలుపు నాకెందుకు? అందుల గేసు మండుతాదా నేదా?" అన్నారు.

మర్నాడు కొట్టు తెరవగానే వెనక సందులోకి చేపల థర్మాకోల్ పెట్టె ఒకటి తెప్పించారు. డౌన్‌టౌన్ ఇళ్ల వెనక సందులు తెలిసినవాళ్లకు ఆ చోటు చెప్పనక్కర్లేదు. పైనించి నీళ్లు పడుతుంటాయి, కింద ఎలుకలు. కానీ గాలి ఆడుతుంది, పై అంతస్తు దాకా అడ్డం లేదు. ఐసు అమ్మే బర్మా ఆవిడ గోనెసంచిలో గడ్డలు తెచ్చి పెట్టెలో కుమ్మరించింది. ఆయన మీద రాళ్ల ఉప్పు చల్లి, మామూలు చిన్న గ్యాస్ డబ్బాను గొట్టంతో సహా ఆ ఐసులో పాతిపెట్టి, పొయ్యి మాత్రం బయట పెట్టారు. ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"ఏం సయా, గ్యాసుకి జ్వరమా?" అంది బర్మా భాషలో. సయా అంటే గురువుగారు. మా వీధిలో మరమ్మతు చేసేవాళ్లందరినీ అలాగే పిలుస్తారు.

"జ్వరం రాకుండా చూస్తున్నానమ్మా," అన్నారు ఆయన, అదే భాషలో.

"నా ఐసు ఇన్నాళ్లూ చేపలకే అనుకున్నాను. ఉండండి, మా ఆయన్ని కూడా తీసుకొస్తాను. అతన్నీ కాసేపు ఇందులో పెట్టండి. ఇంట్లో మరీ మండుతున్నాడు."

పొయ్యి మొదట బాగానే వెలిగింది. కొంతసేపటికి నీలం మంట కురచయింది, తరవాత అంచులు వణికాయి, తరవాత ఆరిపోయింది. డబ్బా తీసి ఊపితే లోపల గ్యాస్ ఇంకా నిండుగా కదులుతోంది. "ఉన్నాది గాని నెగవడం నేదు," అన్నారు ఆయన. ఇళ్లకు వాడే మా ఊరి సిలిండరు చిన్నది తెచ్చి అదే పెట్టెలో కూర్చోబెట్టారు. అది ఎక్కువసేపు మండింది, చివరికి అదీ నీరసపడింది. ఈ రెండోది ఎందుకు ఆగిందో ఆయనకు వెంటనే తట్టలేదు. సిలిండరు వేసే ఏజెంటుకు ఫోను చేసి అడిగి తెలుసుకున్నారు. మా దగ్గర అమ్మేది రెండు గ్యాసుల కలగలుపు. చలిలో ప్రొపేను ముందు లేచి మండిపోతుంది, బ్యూటేను అడుగున ఉండిపోతుంది. చిన్న డబ్బాల్లో ఉండేది దాదాపుగా ఆ అడుగున ఉండిపోయేదే.

ఆ సాయంత్రం ఆయన చేతులు ఎర్రగా, ఉప్పుకు పగిలి ఉన్నాయి. కొబ్బరినూనె రాస్తుంటే "కొట్లో కూకుని వాడికి సలి తీర్సేస్తన్నాను," అన్నారు. ఆయన గుండె అప్పటికే బాగా లేదు. ఆ పెట్టె వంగి ఎత్తొద్దని చెప్పాలనుకున్నాను, అప్పటికే ఎత్తేశారు.

తరవాతి ఆదివారం ఫోను నేనే పట్టుకున్నాను. ఆయన ఎదురుగా కూర్చుని, కొట్లో కొనడానికి వచ్చినవాళ్లకు చెప్పినట్టే చెప్పారు.

"డబ్బాలది కొనకు. అది అక్కడ సలికి నెగవదు. ఉట్టి ప్రొపేను ఉండే సిలిండరు, మోసుకెల్లగలిగే చిన్నది, అది అడుగు. సిలిండరు డేరా బయట నిలబెట్టు, పడుకోబెట్టకు. గొట్టం ఒక్కటే లోపలికి రావాల. హీటరు ఐసు మీద ఎట్టకు, కింద సెక్క ఎయ్యి. కాలు తగిలి పడిపోతే దానంతట అదే ఆరిపోయేది ఉంటాది, గాలి తక్కువైతే ఆరిపోయేది ఉంటాది. రెండూ ఉన్నదే తీసుకో. ఒకటే ఉన్నాది, సవక అంటే కొనకు."

"అలగే."

"గొట్టం బిగించినాక సబ్బు నురుగు రాయి. బుడగలొస్తే కారుతున్నట్టు."

"సబ్బు నీళ్లు ఇక్కడ గెడ్డకట్టిపోతాయి అన్నియ్యా."

ఆ సంగతి ఆయన ఆలోచించలేదు. "అయితే గదిలోనే బిగించి రాసి సూసుకుని, అలగే అట్టుకెల్లు," అన్నారు. "ఇప్పుడిది ఇను. డేరా జిప్పు మొత్తం ముయ్యకు. కింద ఒక పక్క, పైన ఒక పక్క ఇంత తెరిసి ఉంచు."

"ఎంత?"

"ఇంత."

చేత్తో చూపించారు. నేను ఫోను పట్టుకుని ఉన్నాను కనక ఆయన చేతి వెనక భాగమే నాకు కనిపించింది. ఆ చూపిన వెడల్పు అవతల వీడియోలో వాడు చూశాడు.

"మరి కుంపటి?" అన్నారు.

"మావోళ్లకి సెప్తాను."

"సెప్పడం కాదు. నీళ్లలో పారియ్యి. ఐసుకి కన్నం ఎట్టేరు గదా, అందుల."

వాడు పెద్దగా నవ్వాడు. ఆయన నవ్వలేదు. ఆ రోజు ఫోను పెట్టేసేముందు ఆయన రమ్మనలేదు. మరిచిపోయారేమో అనుకున్నాను. తరవాతి వారమూ అనలేదు. అప్పుడు అర్థమైంది. అక్కడ వెచ్చగా ఎలా ఉండాలో అంత శ్రద్ధగా చెప్పాక, రమ్మని ఏ మొహంతో అంటారు? వాడు రావాలన్న కోరిక పోలేదు. రోజూ కొట్టు మూసేటప్పుడు వాడు కూర్చునే స్టూలు లోపల పెట్టి, మర్నాడు మళ్లీ బయట వేసేవారు. దాని మీద ఎవరూ కూర్చునేవారు కాదు.

వాడు చెప్పినట్టే కొన్నాడు. ఒకసారి డేరాలోంచి ఫోను చేసి ఫిర్యాదు చేశాడు.

"అన్నియ్యా, నువ్వు కొనిపించింది మాటిమాటికి ఆరిపోతాంది. పాడు సరుకు."

"జిప్పు ఎలగున్నాది?"

"గాలేస్తాందని మూసినాం."

"తెరువు."

అవతల జిప్పు లాగిన చప్పుడు, ఎవరో బర్మా భాషలో చలిని తిట్టిన చప్పుడు వినిపించాయి. కాసేపటికి హీటరు మళ్లీ వెలిగింది.

"అది ఆరిపోయింది కనక నువ్వు మాటాడతన్నావు," అన్నారు ఆయన. "అది ఆరకపోతే నువ్వు ఆరిపోదువు. పాడు సరుకు అది కాదు, నువ్వు."

వాడు హీటరు మంట చూపించాడు. డేరా గుడ్డ లోపలి వైపు నీటి చుక్కలు, పైన అవే గడ్డకట్టి తెల్లగా ఉన్నాయి. గ్యాస్ మండితే నీటి ఆవిరి వస్తుందని ఆయన నాకు చెప్పారు. ఫోను దగ్గరికి లాక్కుని ఆ తెల్లటిదాన్ని చాలాసేపు చూశారు. "మంచు," అన్నారు.

ఆయన ఆ వానాకాలంలో పోయారు. మధ్యాహ్నం కొట్లో కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే. కరెంటు లేదు, ఫ్యాను ఆగిపోయి ఉంది. నిద్రపోతున్నారనుకున్నాను. అంత్యక్రియల్లో నిప్పు పట్టడానికి మరిది రావాలి. రాలేదు, రావద్దని నేనే చెప్పించాను. మింగళ తౌంగ్‌న్యున్ పేటలో ఉండే దూరపు బంధువొకాయన పట్టారు. వాడు ఫోనులో చూస్తూ ఉన్నాడు. మధ్యలో లైను పోయింది. ఎంతవరకు చూశాడో నేను అడగలేదు.

వాడితో ఆ చిన్న విషయం గురించి ఇంత మాట్లాడిన మనిషి, తన గుండె గురించి ఒక్క ఆదివారమైనా చెప్పలేదు. చెబితే వాడు నిజంగానే వచ్చేసి చిక్కుకుంటాడని. వాడూ అక్కడ చలికీ పనికీ పగిలిన తన చేతివేళ్లు ఎప్పుడూ చూపించలేదు. చూపిస్తే రమ్మంటారని. వాళ్లిద్దరి మధ్యా మాటలు కావలసినన్ని ఉండేవి, అన్నీ గొట్టాలూ జిప్పులే. నాకు మిగిలిన బాధ ఎవరి తప్పు వల్లా కాదు. ఇంకొక చలికాలం దొరికి ఉంటే ఎవరో ఒకరు అసలు మాట అనేవారేమో.

మొన్న వాడు ఫోను చేశాడు. బొమ్మ రాలేదు, గొంతు ఒక్కటే వచ్చింది.

"ఒదినా, కొట్టెవులు సూస్తన్నారు?"

"నేనే. ఇంకెవులున్నారు?"

"సిలిండర్లు ఎత్తగలుగుతన్నావా?"

"దొర్లిస్తన్నాను."

వాడు నవ్వబోయి ఊరుకున్నాడు. "ఇక్కడ సెరువు మళ్లీ గెడ్డకట్టీసింది. మావోళ్లు ఎల్తన్నారు. నాను ఎల్లడం నేదు. హీటరు పెట్టెలోనే ఉన్నాది, తియ్య బుద్ధెయ్యడం నేదు." ఆ వెంటనే అడిగాడు. "ఒదినా, నానొచ్చియ్యనా?"

ఆ మాట కోసమే మేమిద్దరం ఎన్ని ఆదివారాలు కూర్చున్నామో. స్టూలు నేనూ ఇప్పటికీ బయట వేస్తున్నాను. చలేస్తే ఇంటికి రా. నోటిదాకా వచ్చింది. అన్నది ఆయనే, కాని ఇప్పుడు వాడు నాకే కావాలి. సిలిండరు దొర్లించేటప్పుడు కావాలి, సాయంత్రం రేకు తలుపు దించేటప్పుడు కావాలి. ఇక్కడికి వచ్చాక ఏమవుతుందో కూడా నాకు తెలుసు. మా వీధిలో ఆ ఈడు కుర్రాడు ఒక్కడూ పగలు బయట తిరగడం లేదు.

"ఆ పెట్టె బయటికి తియ్యి," అన్నాను.

అవతల అట్టపెట్టె జరిపిన చప్పుడైంది.

"ముందు గదిలో బిగించి సబ్బు నురుగు రాయి. గొట్టం ఏడాది పాతది, ఒంచి సూడు, పగుళ్లుంటే మార్సు. ఆదివారం మీవోళ్లతో ఎల్లు. బొగ్గులు అట్టుకెల్తే నాకు సెప్పు, నాను తిడతాను."

"నువ్వు బర్మా భాషలో తిడితే ఆళ్లు నవ్వుతారు ఒదినా."

"నవ్వనీ."

"సరే." ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "జిప్పు ఎంత తెరవాల?"

వాడికి తెలుసు. నేను కుడిచెయ్యి ఎత్తి, బొటనవేలూ చూపుడువేలూ దూరంగా పెట్టి, ఇంత అన్నాను. ఆయన ఎంత చూపించారో నేను చూడలేదు. వాడికి నా చెయ్యి కనిపించదని అన్న తరవాత గుర్తొచ్చింది.

"అలగే ఒదినా," అన్నాడు వాడు. "అంతే తెరుస్తాను."