బీరువా అడుగున తాతగారి పని

మా గోదావరి జిల్లాల్లో కాస్త ఊగే కుర్చీ ఉంటే చాలు, దాని మీద ఒకప్పుడు ఎవరో దొర కూర్చున్నాడని చెప్పుకుంటారు. పాత సామాను చూసి వయసు చెబుతానని పేరు పడ్డాక, ఇలాంటి కుర్చీల విషయంలో నిజం చెప్పి చాలామందికి చేదయ్యాను. మా వదినగారిది మాత్రం తిరగేసిన కథ. ద్రాక్షారామం దగ్గరున్న పుట్టింటి నుంచి వచ్చిన బీరువాను, బడిపంతులైన తన తాతగారు స్వయంగా చేశారని ఆవిడ నమ్మకం. ఈమధ్య ఒక పెళ్ళిలో బంధువొకాయన, "అది ధవళేశ్వరంలో దొరగారి బంగళా వేలంలో కొన్నదమ్మా" అన్నారట. ఆవిడకు విందు భోజనం సహించలేదు. మర్నాడే నన్ను పిలిపించారు.

"మరిదిగారూ, మొహమాటపడకుండా చెప్పండి. మా తాతగారు చేసిందేనా, కాదా?"

బీరువా నల్లగా నిగనిగలాడుతోంది. చెదలు పట్టకుండా ఏటా వానలకు ముందు జీడిపిక్కల నూనె పూయడం వాళ్ళింటి అలవాటు. ఆ నలుపు కింద ఏ చెక్కయినా ఒకటే, అందరూ టేకనే అనుకున్నారు. నూనె తగలని లోపలి వైపు టార్చి వేసి చూశాను. చెక్క నిండా వెండి జరీలాంటి అడ్డచారలు. ఇంగ్లండు నుంచి వచ్చే ఓక్ చెక్కలో ఉంటాయవి, మన టేకులో వెతికినా దొరకవు. ఎక్కడా నగిషీ లేదు. అరల కొసలు పక్కపలకల్లోంచి బయటికి వచ్చి, గుండ్రటి చెక్క మేకులతో బిగించి ఉన్నాయి. రాగి పిడుల మీద సుత్తి దెబ్బలు అలాగే వదిలేశారు. ఇంగ్లండులో యంత్రాల పని మొహం మొత్తి, చేతిపనికి మళ్ళినవాళ్ళ తరహా అది. వయసు నూరేళ్ళు దాటే ఉంటుంది.

అలాంటిది మన వైపు చూడటం నాకదే మొదలు. సంతోషంతో గట్టిగా అనబోయి, వదినగారి మొహం చూసి ఆగిపోయాను.

"కాదు కదూ?" అన్నారావిడ.

"పూర్తిగా చూడనివ్వండి" అని నేల మీద పడుకుని అడుగున చూశాను. అడుగు పలక మీద వరదనీటి మరక ఉంది, కాళ్ళకు లేదు. ఒక కాలిని లోపలి వైపు చాకుతో గీకితే బంగారు రంగు తేలి, టేకు వాసన వచ్చింది. అంటే కాళ్ళు తర్వాత వేసినవి. వాటి చెక్క మేకులు గుండ్రంగా లేవు, నలుచదరంగా, ఒక అంచు ఏటవాలుగా చెక్కి ఉన్నాయి.

"తాతగారు చేసిన వస్తువు ఇంకేదైనా ఉందాండీ?"

ఆవిడ వంటింట్లోంచి కత్తిపీట తెచ్చారు. దాని చెక్క మేకులూ నలుచదరమే, ఒక అంచు అదే తీరుగా ఏటవాలుగా చెక్కి ఉంది.

"వదినగారూ, బీరువా దొరలదే. వరదకు కాళ్ళు పాడైతే, కొత్తవి మీ తాతగారు చేసి వేశారు."

ఏడుస్తారేమోనని భయపడ్డాను. ఆవిడ మెల్లగా కింద కూర్చుని, బీరువా కాలును తాకి కళ్ళకద్దుకున్నారు.

"ఆయన పట్టించుకోకపోతే ఆ దొరగారి సొమ్ము ఎప్పుడో పొయ్యిలోకి పోయేదండీ" అన్నారు. తర్వాత మోకాళ్ళ నొప్పి సంగతే మరిచిపోయి, చుట్టూ జరుగుతూ మిగతా కాళ్ళన్నీ కళ్ళకద్దుకున్నారు.