మేనమామ ఒళ్లో పుట్టువెంట్రుకలు

నేను కర్నూల్లో మెడిసిన్ చదువుతున్న రోజుల్లో, రాజంపేటలో మా అక్క కొడుకు జుట్టు నా చదువుతో పాటే పెరుగుతూ వచ్చింది. వాడి పుట్టువెంట్రుకలు మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి తీయించాలి. అక్కకు నేనొక్కడినే తమ్ముణ్ని. నేను వెళ్తే తప్ప వాడి తల మీద కత్తి పడదు. నాకేమో సెలవు దొరకదు. నా గోలంతా ఇంతే.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. పుట్టువెంట్రుకలు మొదటి ఏడు తీయిస్తారు. అది తప్పితే మూడో ఏడు, అదీ తప్పితే ఐదో ఏడు. మధ్యలో సరి ఏడు పనికిరాదు. అక్క అత్తగారింట్లో మొక్కు ఒంటిమిట్ట రాముడికి. దేవుడు ఎన్నాళ్లయినా కాచుకుంటాడు కానీ, ఆ ఇంట్లో మా అక్క అత్తగారు ఉంది. ఆమె కాచుకునే రకం కాదు.

మొదటి ఏడు ముహూర్తం మాఘమాసంలో పెట్టారు. సరిగ్గా ఆ వారమే నాకు పాథాలజీ పరీక్ష. పంచాంగం రాసేవాళ్లూ, మా కాలేజీ వాళ్లూ కూడబలుక్కున్నారేమోనని నాకిప్పటికీ అనుమానమే. మంచి ముహూర్తాలున్న నెలల్లో పరీక్షలుంటాయి. సెలవులిచ్చినప్పుడు ఆషాఢమో, మూఢమో తగులుకుంటుంది. ఒకసారి ఉన్నట్టుండి నాలుగు రోజులు సెలవొచ్చింది. ఎగురుకుంటూ అక్కకు ఫోన్ చేసి, "రేపే పెట్టుకుందాం, నేను బయల్దేరతాండా" అన్నాను. అక్క ఫోన్ అత్త చేతికిచ్చింది.

"మూఢంలో గుండు కొట్టిస్తారా నాయనా? మీ కాలేజీలో ఇదేనా నేర్పిచ్చేది?" అంది అత్త.

నాకు ఒళ్లు మండింది. గుండే లేకపోతే నేనెందుకని, ఆ నాలుగు రోజులూ ఓర్వకల్లు దగ్గర మా ఊరికి పోయి, అమ్మ చేసిన రాగి సంగటి తిని పడుకున్నాను. అమ్మ ఊరుకుంటుందా? ముద్ద ముద్దకీ "పాపం, ఆ బిడ్డకు నెత్తిన ఎంత బరువో" అంటూనే ఉంది.

అక్కకు నేను తమ్ముణ్నే కాని, సగం కొడుకుని కూడా. అమ్మానాన్నా చేనికి పోతే నన్ను చంకనేసుకుని తిరిగింది ఆమే. నేను డాక్టర్నవుతానని నాకంటే ముందే అనుకుని ఊరంతా చాటింది కూడా ఆమే. అట్లాంటి అక్క ఒక్క పని అడిగితే, అదీ కాసేపు కూర్చునే పని, చేయలేకపోతున్నానని నాకు లోపల గింజులాటగా ఉండేది. పైకి మాత్రం అందరి మీదా విసుక్కునేవాణ్ని.

రెండో ఏటికి వాడి జుట్టు భుజాలు దాటింది. అక్క రెండు జడలు వేసి రబ్బరుబ్యాండ్లు పెట్టేది. బావ ఒకరోజు వాణ్ని బండి ముందర కూర్చోబెట్టుకుని బజారుకు పోతే, ఎవరో ఆపి "పాప బాగుండాదప్పా, అచ్చం నీ పోలికే" అన్నారట. ఆ తరువాత బావ వాణ్ని బజారుకు తీసుకుపోవడం మానేశాడు. నాతో మాట్లాడటం కూడా దాదాపు మానేశాడు.

ఆపైన ఎండలు. రాజంపేట ఎండలకు ఆ జుట్టు కింద వాడికి సెగ్గడ్డలు లేచాయి. అక్క వీడియో కాల్ చేసి వాడి తల చూపించింది. నేను అప్పటికి చర్మవ్యాధుల వార్డు చూసి వచ్చినవాణ్ని కదా, గొంతు సవరించుకుని ఎన్నాళ్ల నుంచి ఉన్నాయి, చీము కారుతోందా, జ్వరమేమైనా ఉందా అని అన్నీ అడిగి, ఒక ఆయింట్‌మెంట్ పేరు చెప్పాను.

"మందు సరే గానీ, ఈ గడ్డలు ఎందుకొచ్చినాయో చెప్పు డాక్టరా" అంది అక్క.

"చెమట నిలబడి."

"చెమట ఎందుకు నిలబడింది?"

"ఎంటికలు ఎక్కువుండి."

"ఎంటికలు ఎందుకు ఎక్కువుండాయి?"

నేను సిగ్నల్ లేదని ఫోన్ పెట్టేశాను. చదివినన్నాళ్లలో రోగానికి మూలకారణం అంత తేటగా తేలిన కేసు నేను ఇంకొకటి చూడలేదు.

ఇంకొక మనిషి గురించి చెప్పాలి. మా పెదనాన్న కొడుకు. నాకు అన్న వరస. రాజంపేటలోనే సిమెంటు అంగడి పెట్టుకున్నాడు. అక్క వాళ్లింటికి కూతవేటు దూరం. అల్లుడికి జ్వరమొస్తే ఈయన, అత్తకు మోకాళ్ల నొప్పులొస్తే ఈయన, గ్యాస్ అయిపోతే ఈయన. వాడు ఈయన్ని 'సిమెంటు మామ' అంటాడు. నన్ను 'ఫోన్ మామ' అంటాడు. ఇద్దరు మామలూ ఒకటేనన్నట్టు ఆ పిలుపులు విన్నప్పుడల్లా నాకు కాలేది. మనిషి మంచివాడు. అదే నాకు ఇంకా కోపం.

నేను ఫైనలియర్‌కొచ్చేసరికి వాడికి మూడో ఏడు సగం దాటింది. ఈసారి ముహూర్తం ఫాల్గుణంలో. అదీ దాటితే ఆ ఏటికి ఇంక లేదు. అత్త నేరుగా నాకే ఫోన్ చేసింది.

"నాయనా, నిన్ను ఇబ్బంది పెట్టేది లేదు. నీ సదువు నీది. రాగలిగితే రా. లేకుంటే మీ అన్న ఉండాడు గదా, ఆయప్ప ఒళ్లో కూచోబెడతాం. ఆయప్ప గూడా మేనమామే."

అరిచి ఉంటే తిరిగి అరిచేవాణ్ని. ఆమె మెత్తగా చెప్పింది. ఆ ఒడి నాది. వాడికి ఒకే ఒకసారి వచ్చే పని అది. దాన్ని కూడా సిమెంటు అంగడికి వదిలేస్తే, ఇక ఫోన్‌లో నేను వాడికి ఎవరిని?

ముహూర్తం మరుసటి రోజు పొద్దున్నే సర్జరీ వార్డు పరీక్ష. అది తప్పితే ఆ పోస్టింగంతా మళ్లీ మొదటి నుంచి చేయాలి. పరీక్ష ముందు సెలవు అడిగినవాణ్ని సర్జరీ సార్ వదిలిపెట్టాడని మా సీనియర్లెవరూ చెప్పగా వినలేదు. అయినా పోయి నిలబడ్డాను.

"ఏం పని?" అన్నాడు సార్, కేస్ షీటు మీద నుంచి తల ఎత్తకుండా.

"మా అక్క కొడుక్కి పుట్టెంటికలు తీపియ్యాల సార్."

"నువ్వు తీస్తావా?"

"లేదు సార్. నేను ఒళ్లో కూచోబెట్టుకుంటా."

"దానికి సెలవా? అదీ పరీక్ష ముందర?"

వెనక ఉన్న పీజీలు నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి. కోపం వస్తే నాకు ముందూవెనకా తెలియదు. ఫోన్ తీసి, రెండు జడలతో ఉన్న వాడి ఫోటో సార్ ముఖం ముందు పెట్టి, "వీడు మగపిల్లోడు సార్" అన్నాను.

సార్ కళ్లజోడు పెట్టుకున్నాడు. ఫోటో చూశాడు. కాసేపటికి వార్డు సిస్టరమ్మను కూడా పిలిచి చూపించాడు. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"పో" అన్నాడు సార్. "ఎల్లుండి పొద్దున వార్డులో కనపడకపోతే మాత్రం నీకు నేనే గుండు కొడతా."

ఆ మధ్యాహ్నమే కర్నూలు బస్టాండులో కడప బస్సెక్కాను. నంద్యాల దాకా హెర్నియాలు చదివాను. ఆళ్లగడ్డ దాకా నిద్రపోయాను. మైదుకూరులో లేచి, వాణ్ని ఒళ్లో ఎట్లా పట్టుకోవాలా అని ఆలోచించుకున్నాను. చిన్నపిల్లల్ని కదలకుండా పట్టుకోవడంలో నాకు అనుభవముంది, పిల్లల వార్డులో ఎంతమందికి సెలైన్ పెట్టేటప్పుడు పట్టుకోలేదు? కడపలో దోస్తు రూములో తల వాల్చి, తెల్లవారగానే ఒంటిమిట్టలో దిగాను.

అందరూ ముందే వచ్చేశారు. అమ్మానాన్నా, అక్కా బావా, అత్త, పట్టుపంచె కట్టుకున్న సిమెంటు అన్న. ఆయన చంకలో వాడు. జడలకు ఆ రోజు మల్లెపూలు కూడా పెట్టింది అక్క, ఆఖరి రోజని. నన్ను చూడగానే అక్క వచ్చి చెయ్యి పట్టుకుంది. వదల్లేదు.

నేను పీట మీద కూర్చుని చేతులు చాపాను. "రా అల్లుడా."

వాడు నన్ను ఎగాదిగా చూసి, సిమెంటు అన్న మెడను కరుచుకున్నాడు. బలవంతాన నా ఒళ్లో కూర్చోబెట్టారు. ఇంతెత్తున లేచాడు. గోళ్లతో నా ముఖం గీరాడు, కడుపులో తన్నాడు. కత్తి పట్టుకున్న పెద్దాయన రెండడుగులు వెనక్కి జరిగి, "ఇట్లయితే తెగుతాదప్పా, నేను కత్తి పెట్టను" అన్నాడు. పిల్లల వార్డు అనుభవమంతా ఎటు పోయిందో పోయింది.

"మామరా, మామ" అంటోంది అమ్మ.

"ఈ మామ వద్దు" అని ఏడ్చాడు వాడు. "ఫోన్ మామ కావాల."

"ఈయనే రా ఫోన్ మామ" అన్నాడు బావ.

వాడు నమ్మలేదు. ఫోన్ మామ ఇంత ఉంటాడు, అని రెండు చేతులతో కొలత చూపించాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పక్క పీట మీద గుండు గీయించుకుంటున్నాయన కూడా సగం గుండుతో నవ్వాడు. నాకు మాత్రం ఏడుపొచ్చినంత పనయింది. పరీక్ష పణంగా పెట్టి వచ్చాను, ఇంత దూరం వచ్చాను, వాడికి నేనెవరో తెలియదు. వాడి తప్పేముంది?

"గడియ దాటిపోతాండాది" అంది అత్త. ఆమె చూపు సిమెంటు అన్న మీదికి పోయింది. నేను లేవబోయాను. ఆ పీట ఆయనకిచ్చేద్దామనే లేవబోయాను.

"కూచో" అన్నాడు ఆయన నాతో. తరువాత అక్క వైపు చెయ్యి చాపి, "చెల్లీ, నీ ఫోన్ ఇయ్యి. తమ్మునికి వీడియో కాల్ చెయ్" అన్నాడు.

నా జేబులో ఫోన్ మోగింది. ఎత్తాను. ఆయన అక్క ఫోన్ పట్టుకుని, పట్టుపంచెతోనే ఆ తడి బండల మీద మాకెదురుగా గొంతుకూర్చున్నాడు. రెండు ఫోన్లూ దగ్గరుండేసరికి కూయ్‌మని ఒకటే మోత. ఒకదాని నోరు నొక్కేశాక, నేను నా ఫోన్ చాచి పట్టుకుని, రోజూ పిలిచే గొంతుతో, "ఏం అల్లుడా, తిన్నావా?" అన్నాను.

వాడి ఏడుపు సగంలో ఆగింది. ఎదురుగా సిమెంటు మామ చేతిలో ఫోన్ మామ కనపడుతున్నాడు. వాడు కన్నీళ్లతోనే పళ్లు బయటపెట్టాడు. మెత్తగా నా ఒళ్లోకి దిగాడు. పెద్దాయన ఇదే సందనుకుని మొదటి జడ కోసేశాడు.

రెండో జడ కూడా పోయింది, కత్తి తల మీద నడుస్తోంది. వాడు ఫోన్‌లోనే చూస్తూ నెమ్మదిగా వేలు చాపాడు. "మామ దగ్గర పాపోడు ఉండాడు" అన్నాడు. నా ముఖం కింద, తెరలో, సగం గుండుతో ఉన్నది వాడే. వాడు చెయ్యి ఊపితే తెరలో వాడూ ఊపాడు. కాసేపు ఆలోచించాడు. తరువాత తల ఎత్తి వెనక్కి తిరిగి నన్ను చూశాడు. నా ముక్కు పట్టుకున్నాడు. వదిలి, మళ్లీ పట్టుకున్నాడు.

"కదిలించొద్దు అప్పా" అన్నాడు పెద్దాయన. కదులుతున్నది వాడు కాదు, నేను.  సిమెంటు అన్న మాత్రం ఫోన్ కదలనివ్వలేదు. జారిన వెంట్రుకలు ఆయన పట్టుపంచె మీదా పడ్డాయి. మూడేళ్లుగా నేను లోపల్లోపల తిట్టుకున్నది ఈ మనిషినే.

స్నానం చేయించి, గుండుకు గంధం రాసి, దర్శనం చేసుకుని బయటికొచ్చేసరికి నా బస్సు వేళయింది. వాడు అప్పటికి నా భుజం మీదే నిద్రపోయాడు. అక్కకు అందిస్తుంటే అత్త దగ్గరికొచ్చి, "చెవులు కుట్టేదానికి గూడా మేనమామే ఉండల్ల నాయనా" అంది. నవ్వుతూనే అంది.

నంద్యాల దాటాక, హెర్నియాల పేజీ తెరిచి పెట్టుకుని ఉండగా అక్క ఫోన్ చేసింది. తెర నిండా పచ్చటి గుండు. వాడు ముఖం దగ్గరగా పెట్టి నన్ను చూసి, వేలితో తెర మీద కొట్టాడు.

"మామా, బయటికి రా."

"వస్తాలే అల్లుడా."

"ఇప్పుడు రా. పొద్దున వచ్చినావు గదా."

నేను పుస్తకం మూసేశాను.  వాడు ఫోన్ రెండు చేతులతో తిప్పాడు. నాకు ఫ్యాను కనపడింది, గోడ కనపడింది. ఫోన్ వెనక వైపు నుంచి వస్తానేమోనని వాడు అక్కడ వెతుకుతున్నాడు.