ముందు కథ అంటే ఎటువైపు?

నేను రాసే పుస్తకాల్లో కోటలుంటాయి, మాట్లాడే గుర్రాలుంటాయి, ఏడేళ్లు ఆగకుండా కురిసే వాన ఉంటుంది. జగిత్యాలలో ఆఫీసు ఉద్యోగం చేసుకునేవాడికి ఇవన్నీ ఎట్లా తోస్తాయని అడుగుతారు. ఒక ఫైలు ఈ బల్ల మీది నుంచి పక్క బల్ల మీదికి పోవడానికి పట్టే కాలం చూసినవాడికి ఏడేళ్ల వాన పెద్ద విషయం కాదు.

అట్లా మూడు భాగాలు రాశాను. నా పాఠకులందరినీ ఒక ఎర్ర బస్సులో ఎక్కించొచ్చు. కొంతమంది నిలబడాల్సి వస్తుంది, అంతే. ఆ బస్సులో మొదటి సీటు మా అక్కది.

అక్క కోరుట్లలో ఉంటుంది, బీడీలు చేస్తుంది. చిన్నప్పుడు తను చాట ఒళ్లో పెట్టుకొని తునికాకు చుడుతుంటే, పక్కన కూర్చొని కట్టలు కట్టడం నా పని. నేను మధ్యలో లేచి పారిపోకుండా తను చెప్పిన కథే నా పుస్తకాల్లోని రాజ్యం. గుర్రం తనది, కోట తనది, తమ్ముణ్ణి చంకనేసుకొని అడవి దాటే అక్క కూడా తనదే. అచ్చేసింది మాత్రమే నేను. అట్లాంటిది, మూడో భాగం చివర ఆ అక్కను కోట మంటల్లో చంపేశాను. కథకు బలం వస్తుందనుకున్నాను. వచ్చింది కూడా. ఏడ్చామని చాలామంది ఫోన్ చేశారు. మా అక్క ఏడవలేదు. పుస్తకం మూసి, “తమ్మునికి గద్దె రావాల్నంటే అక్క సావాల్నారా?” అని అడిగింది. నేను చాయ్ తాగి, బస్సుకు టైమైందని వచ్చేశాను.

తర్వాత రెండేళ్లు తను నాతో అన్నీ మాట్లాడింది. కూర మాట, కరెంటు మాట, మోకాళ్ల మాట. పుస్తకాల మాట మాత్రం ఎత్తలేదు. పేపర్లో ఎవరో తిట్టినా అన్నం సయించింది కానీ, ఇది మాత్రం గొంతులో ముల్లులా ఉండిపోయింది.

అందుకే నాలుగోది రాశాను. చచ్చినదాన్ని బతికించడానికి మొహం చెల్లలేదు కాబట్టి, చావని కాలానికి వెనక్కి వెళ్లాను. ఇందులో అక్కకు తొమ్మిదేళ్లు, తమ్ముడికి ఇంకా పళ్లు రాలేదు. అట్ట మీద ‘ప్రీక్వెల్’ అని వేస్తే మందుల షాపులో దొరికేదేదో అనుకుంటారని ప్రచురణకర్త భయపడ్డాడు. ‘పూర్వగాథ’ అంటే హరికథ అనుకుంటారని నేను భయపడ్డాను. చివరికి నా బుర్రకే తట్టింది, ‘ముందు కథ’ అని. అచ్చ తెలుగు. ఇద్దరం మురిసిపోయాం.

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందని వారం తిరక్కుండానే తెలిసింది. ‘ముందే చెప్పాను’ అంటే అయిపోయినది. ‘ముందు ముందు చూద్దాం’ అంటే కానున్నది. పుట్టినప్పటి నుంచి ఈ మాట వాడుతున్నవాడికి అట్ట అచ్చయ్యేదాకా ఇది తోచలేదు. మంటల్లో పోయిన అక్క బతికిందనీ, ఇక ముందు ఏమవుతుందో ఇందులో ఉందనీ బస్సులో సగం మంది పుస్తకం కొన్నారు.

మొదట పట్టుకున్నది జగిత్యాలలో నా చొక్కాలు కుట్టే దర్జీ. ఇంట్లో ఉర్దూ, దుకాణంలో తెలుగు. టేపు మెడలో వేసుకొనే నిలదీశాడు. “అక్క బతికిందనుకొని కొన్న సార్. ఇప్పి చూస్తే చిన్నపోరి! మా దాంట్ల పహ్లే అంటే ఎనుకటిది, ఆగే అంటే వచ్చేది. మీరు ఒక్క కత్తెరతోని రెండు దిక్కుల కోసిన్రు.” ఆ నెల కొత్త చొక్కాకు జేబు ముందు పెట్టాలా, లేక నా పుస్తకంలోని ‘ముందు’లా వీపు మీద పెట్టాలా అని కూడా అడిగాడు.

రిటైరైన లెక్చరర్ ఒకాయన నాలుగు ముక్కల్లో తేల్చేశాడు. “పిల్లలు పుట్టినంక నిశ్చితార్థం జేసినట్టున్నది.”

సిరిసిల్ల నుంచి సాంచా నడిపే ఆయన వాయిస్ మెసేజ్ పెట్టాడు. మరమగ్గాన్ని వాళ్లు సాంచా అంటారు. వెనక ఆ టకటకల్లో మాట సగమే వినిపించింది కానీ, ఆ సగమే చాలు. “సార్, అక్క సంగతి తర్వాత. మీ రాజ్యంల పడుగు అడ్డం, పేక నిలువు రాసిన్రు. ఆడ గట్లనే నేస్తరేమో గని, మా సిరిసిల్లల గట్ల నేస్తె సాంచా కాడికెళ్లి ఎల్లగొడుతరు.” రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు వెరిస్తే ఎట్లా? తప్పు నాదేనని ఒప్పుకున్నాను.

అన్నీ నవ్వుకుంటూనే భరించాను. నవ్వు ఆగింది అక్క ఫోనుతో.

“తమ్మీ, ముందు కథ అట గద? అక్కను బతికిచ్చినవా?”

రెండేళ్ల తర్వాత పుస్తకం మాట! ఆ గొంతులో సంబరం విన్నాక, ‘కాదక్కా, ఇది వెనకటి కథ’ అనడానికి నోరు రాలేదు. “చదువక్కా, నీకే తెలుస్తది” అన్నాను. ఇంత వయసొచ్చి, ఒక్క మాటలోని రెండర్థాల మధ్య దాక్కున్నందుకు నా మీద నాకే రోత పుట్టింది.

ఆదివారం కోరుట్ల వెళ్లి పుస్తకం చేతికిచ్చాను. అప్పుడూ చెప్పలేదు. మరో రెండు ఆదివారాలు ఏదో పని అడ్డం పెట్టుకున్నాను. ఆ తర్వాత తప్పలేదు. అక్క వాకిట్లో కూర్చొని ఆకు కత్తిరిస్తోంది. తల ఎత్తకుండానే అంది, “చదివిన. మంచిగున్నది.”

“అక్కా, అది ముందు కథ అంటే...”

“ఎనుకటి కథని నాకెరుకేరా. మొదటి పేజీలనే ఎరుకైంది. పిల్లకు తొమ్మిదేండ్లు అని నువ్వే రాసినవు గద.”

“మరి మంచిగుందంటవు?”

కత్తెర పక్కన పెట్టింది. “మూడోది సదివినంక నా ఇంట్ల అక్క సచ్చిపోయే ఉండె. ఇప్పుడు గిది ఆఖరు పుస్తకం. ఆఖరుకు అక్క నిన్ను సంకలేసుకొని అడవిల నడుస్తున్నది. గాడికే అయిపోయింది. నాకు గదే సాలు.”

పుస్తకంలో ఆ పిల్ల చంకనేసుకున్నది తమ్ముణ్ణి. తను ‘నిన్ను’ అంది. నేను సరిదిద్దలేదు. కళ్లు తుడుచుకున్నాను, ఆకు దుమ్ము పడిందన్నట్టు. తను నమ్మినట్టే నటించింది.

లేచి వస్తుంటే చెప్పింది, “ఇగ ముందుకు రాయకు తమ్మీ.”

ఈసారి ఆ మాటకు ఒక్కటే అర్థం. జగిత్యాల బస్సులో సంచి విప్పాను. అయిదో భాగం మొదటి అధ్యాయం అందులోనే ఉంది. రాజైన తమ్ముడు అక్క సమాధి దగ్గర నిలబడి ఉండగా మొదలవుతుంది. జేబులోంచి పెన్ను తీసి ఆ మొదటి వాక్యం కొట్టేశాను.